మొన్న అంటే ఏ తేదీ

పేజీ 1. జూన్ 9, సోమవారం

ఆటో ఉదయం 7.10కి వచ్చింది. డ్రైవర్ 7.11కి మాట్లాడటం మొదలుపెట్టాడు. 7.42కి నన్ను పంజాగుట్టలో దింపేదాకా ఆపలేదు.

నా మోకాలికి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. ఫిజియోథెరపీకి రోజూ వెళ్ళాలి. డ్రైవర్ లేని మరబండ్లు మా చప్పల్‌బజార్ సందులోకి రావు. వాటి లెక్కలో మాది రోడ్డు కాదు, రెండు గోడల మధ్య ఖాళీ. అవి మెయిన్ రోడ్డు మీద ఆగుతాయి. మా గుమ్మం నుంచి అక్కడికి 340 మీటర్లు. డాక్టర్ నన్ను నడవనిచ్చింది వంద. అందుకని చేతి ఆటో పిలిపించుకున్నాను.

నగరంలో చేత్తో బండి నడిపే లైసెన్సు ఇంకా ఉన్నవాళ్ళు 41 మంది. ఇతని పేరు జంగిలి ఓదెలు. వయసు 63. హ్యాండిల్ పక్కన శనగగింజంత మైకు ఉంది. చేతి లైసెన్సుకు అది షరతు. బండిలో మాట్లాడిందంతా నగరం రికార్డులన్నీ రాసే యంత్రం, కాలపట్టీ, దాచుకుంటుంది, ఎవరైనా అర్జీ పెడితే తప్ప విప్పి వినదు. ఓదెలు ఆ మైకుకు ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు కట్టాడు.

"కాలుకు ఏమైందమ్మా?"

"ఆపరేషన్ అండి."

"అయ్యో, కోసిన్రా! మా ఇంటామెకు సుత మొన్న గిట్లనే మోకాలు వట్టుకుంది. ఉప్పు కాపడం వెట్టుకున్నది, పోయింది. డాక్టర్ తాన్కి పోతే కొయ్యకుంట ఉంటడా? ఆయన పనే అది."

"ఇప్పుడెలా ఉందండి ఆవిడకి?"

"ఆమెకేంది, రాణి లెక్క ఉంటది," అన్నాడు.

పత్రికలు మూతపడ్డాక మేం విలేకరులం కాలపట్టీకే రాస్తున్నాం. వార్డుకు ఒకరం. ఒక వాక్యం, దానికొక తేదీ. పంపిన వాక్యం చెరగదు. ఈ నోటుబుక్కు మాత్రం నా సొంతం, పాత అలవాటు. ఇది ఎవరూ చదవరు.


పేజీ 2. జూన్ 10, మంగళవారం

7.10కే వచ్చాడు. ఖైరతాబాద్‌లో ఒక కుక్క రోడ్డుకు అడ్డంగా పడుకుంటే ఎనిమిది మరబండ్లు దాని వెనక వరసగా ఆగిపోయాయి.

"చూడున్రి, కుక్కకు దండం వెట్టుకుంట నిలవడ్డయి," అని ఓదెలు హారన్ కొట్టాడు. కుక్క లేచి పోయింది. ఎనిమిది బండ్లూ కదిలాయి. "గా హారన్ లేకనే ఆగినయి అన్నీ. మనిషి అన్నంక జర తిట్టాలె, జర మొత్తుకోవాలె. లేకపోతే కుక్క సుత లెక్క చెయ్యది."

నేను ఆయన్ని "ఓదెలు గారూ" అంటే వెనక్కి తిరిగి చూశాడు. "గారు అంటే వెనక ఇంకెవరో కూసున్నరనుకున్న," అన్నాడు.

ఎండలో తిరగొద్దని రోజూ 11కు మోగే సైరన్ లోపు ఇంటికి చేర్చాడు.


పేజీ 4. జూన్ 12, గురువారం

మిగిలిన 41 మందిలో ఒకరి గురించి ఆరు వాక్యాలు పంపమని బ్యూరో అడిగింది. ఓదెలునే రాద్దామనుకున్నాను. అడగాల్సిన అవసరం రాలేదు, ఆయనే చెబుతూ వచ్చాడు.

"మొన్న ఏమైందో ఎరికేనా? పొద్దుగాల తార్నాక బ్రిడ్జి దిగుతున్న. రాత్రంత పెండ్లిల ఉన్నం, నిద్ర లేదు. కన్ను గిట్ల అంటుకుంది. అంతే. బండి వొయ్యి డివైడర్‌కు ముద్దు వెట్టింది. వెనక మా ఇంటామె ఉన్నది. ఏమన్నదనుకున్నరు?"

"తిట్టిందా?"

"తిడితే మంచిగుండు. 'నిద్రొస్తే చెప్పొద్దా, నేను నడపకపోదునా' అన్నది! సైకిల్ తొక్క రాదామెకు. సైకిల్!"

నవ్వుతూ హ్యాండిల్ మీద రెండుసార్లు కొట్టాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రాశాను. "మొన్న" అన్న మాట కింద కాలపట్టీ ఎర్రగీత గీసి "తేదీ?" అని అడిగింది. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో నా కాపీలో ఎప్పుడూ నిన్న, మొన్న మిగల్లేదు. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళకు మొదటిరోజు చెప్పేదే అది: నిన్నా మొన్నా కాదు, తేదీ రాయండి. పన్నెండులోంచి రెండు తీసేశాను.

పంపిన ఆరు వాక్యాల్లో ఒకటి ఇది: "జూన్ 10 ఉదయం తార్నాక వంతెన దిగుతూ డ్రైవర్ జంగిలి ఓదెలు క్షణకాలం నిద్రలోకి జారుకోగా ఆటో డివైడర్‌ను తాకింది, వెనక ఉన్న భార్యకు దెబ్బలు తగల్లేదు."

ఎర్రగీత పోయింది.


పేజీ 5. జూన్ 14, శనివారం

ఉదయం 7.10. ఆటో రాలేదు. 7.25కి సందు చివర తన ఇంటి నుంచి ఓదెలు నడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, బండి లేస్తలేదు. హ్యాండిల్ బిగుసుకుపోయింది. ఇగో, ఈ కాయిదం వచ్చింది, జర చదువున్రి."

చేతి లైసెన్సు నెం. 17 నిలుపుదల. కారణం: ఏడాదిలోపు నడుపుతూ నిద్రపోయిన ఘటన. ఆధారం: కాలపట్టీ వాక్యం. పంపినవారు: విలేకరి, వార్డు 88.

"ఈ ఎనభై ఎనిమిది ఎవరమ్మా?"

"నేనే."

"మీరు నా మీద రాసిన్రా?" అని ముఖం వెలిగిపోయింది. "మంచిగ రాసిన్రా? పేరు కరెక్టుగ ఏసిన్రా? జంగిలి అంటే కొందరు జంగిడి అని ఏస్తరు."

మొత్తం చదివి వినిపించాను. రెండుసార్లు విన్నాడు.

"పదో తారీఖు ఏమైందమ్మా? పదో తారీఖు మీతోనే ఉంటిగద."

ఆ మాట నిజం. 7.10కి ఆయన మా గుమ్మం ముందున్నాడు. ఈ నోటుబుక్కు రెండో పేజీలో నేనే రాసుకున్నాను. అయితే నేను సాక్ష్యం చెప్పగలిగేది 7.10 నుంచే. 'పొద్దుగాల' ఐదింటికి కూడా అవుతుంది. నేను అడగలేదు. ఆటో ముందు భాగంలో చిన్న సొట్ట కూడా లేదు. అదీ చూడలేదు.

"మొన్న అన్నారు కదండీ మీరు."

"అవు, మొన్ననే."

"మొన్న అంటే ఎప్పుడు?"

"మొన్న అంటే," అని ఆగాడు. ఈ ఆరు రోజుల్లో ఆయన మాట కోసం వెతుక్కోవడం నేను చూడలేదు. "గప్పుడు అన్నీ చేతిబండ్లే ఉండె. మా బిడ్డ పెండ్లి కాలే ఇంక."

మరబండ్లు వచ్చి పద్నాలుగేళ్ళయింది.

మా అమలాపురం వైపు రెండు మాటలున్నాయి. మొన్న అంటే నిన్నటికి ముందురోజు. ఎప్పుడో అయితే మొన్నామధ్య. ఓదెలుకు రెండిటికీ ఒకటే మాట. అయిపోయిందల్లా మొన్న. ఈ నగరంలో ఇరవై రెండేళ్ళు ఉండి ఆ సంగతి పట్టించుకోలేదు నేను.

"సరే, మీ ఆవిడ కూడా బండిలో ఉన్నారు కదా. ఆవిడతో చెప్పిద్దాం. సాక్ష్యం అవుతుంది."

"ఆమె ఏం చెప్తదమ్మా," అన్నాడు ఓదెలు. "ఆమె మొన్ననే పాయె."

"ఎన్నాళ్ళయింది?"

"ఏడేండ్లు."


పేజీ 7. జూన్ 16, సోమవారం

వార్డు కార్యాలయం. మెయిన్ రోడ్డు దాకా నడిచాను. ఓదెలు చెయ్యి పట్టుకున్నాడు. 340 మీటర్లకు 19 నిమిషాలు.

కౌంటర్ దగ్గర మనిషి ఉండటం అదృష్టం. పేరు ఫర్హానా. మొత్తం విని పెన్ను పక్కన పెట్టింది.

"మీ మొన్న మాకు పర్సోఁ. మా అబ్బాకు ఎప్పటిదో మూసీల వరద కూడా పర్సోఁనే మేడం. నాకు తెల్సు. మీకూ తెల్సింది. పట్టీకి ఎట్ల చెప్తం?"

"సవరణ అర్జీ పెడతాను. ఆ ఘటన జూన్ 10న జరగలేదని రుజువు ఉంది. బండిలో భార్య ఉందని వాక్యంలోనే ఉంది. ఆవిడ ఏడేళ్ళ కిందట చనిపోయారు."

ఫర్హానా తెర మీద చూసింది. "జంగిలి భూలక్ష్మి. బతికే ఉంది మేడం ఇందులో."

నేను ఓదెలు వైపు చూశాను.

"ఎవరూ అడగలే," అన్నాడు. "ఇంటికాడ అందరికీ ఎరికే గద. ఇంక రాసేదేంది?"

తేదీ ఆయనకు తెలియదు. లాల్ దర్వాజ బోనాల తెల్లారి, శనివారం కాదు, ఎందుకంటే ఆ రోజు తలస్నానం చేసి కూర్చుంది, శనివారం ఆమె తల తడపదు అన్నాడు. "బోనాల తెల్లారి ఎప్పుడూ సోమవారమే చాచా," అంది ఫర్హానా. ఏడేళ్ళ కిందటి క్యాలెండర్ తీసి తేదీ వేసింది. ఓదెలు వేలిముద్ర పెట్టాడు. భూలక్ష్మి 11కు రికార్డులో చనిపోయింది. బయట సైరన్ మోగుతోంది.

"ఒక మాట మేడం," అంది ఫర్హానా. "సవరణ అర్జీ పెడితే మైకు మాటలు విప్పుతరు. ఆమె పోయినప్పటి సంది ఏడేండ్లవీ. ఆలోచించుకోండి."

"విప్పనివ్వండి. ఈయన దాచేదేం లేదు. నిజం బయటపడితేనే కదా మనకు మంచిది."

ఫర్హానా ఓదెలును అడిగింది, "చాచా, విప్పమంటవా?"

"విననియ్యి బిడ్డా. ఏడేండ్ల సంది ఒక్కడు సుత పూర్తిగ వినలే."


పేజీ 9. జూన్ 23, సోమవారం

జవాబు వచ్చింది. రెండు పుటలు.

మొదటి పుట: నిద్రపోయిన ఘటన జూన్ 10న జరగలేదని అంగీకరించడమైనది. తేదీ తెలియని ఘటనగా మార్చడమైనది. నిలుపుదలకు ఆ కారణం ఇకపై చెల్లదు.

ఓదెలు అక్కడికే లేచాడు. "ఇంక బండి లేస్తదా?"

"కూర్చోండి," అన్నాను. రెండో పుట అప్పటికే నా కంట్లో పడింది.

రెండో పుట: ఏడేళ్ళ మైకు మాటల్లో, మరణించిన భూలక్ష్మి రెండు రోజుల కిందట ఏదో ఒకటి చేసినట్టు ఓదెలు చెప్పిన సందర్భాలు 1,164. ఇతనికి బతికున్నవారికీ పోయినవారికీ తేడా తెలియడం లేదని నిర్ధారించడమైనది. చేతి లైసెన్సు నెం. 17 శాశ్వతంగా రద్దు.

జాబితా జతపరిచారు. ప్రతి మాటకూ అన్న తేదీ, దాని ఎదురుగా పట్టీ లెక్కకట్టిన తేదీ.

"ఏమున్నదమ్మా దాంట్ల?"

"మీరన్న మాటలు. మీ ఆవిడ గురించి."

"చదువున్రి."

చదివాను. మే 3: మొన్న మా ఇంటామె చింతచిగురు తెచ్చింది, సగం తొవ్వలనే తిన్నది. లెక్క: మే 1. ఆగస్టు 19: మొన్న మా ఇంటామె నాతోని మాట్లాడలే, ఎందుకో ఇప్పటికీ చెప్పలే. లెక్క: ఆగస్టు 17. జనవరి 6: మొన్న మా ఇంటామె బండి కడిగి, సీటు మీద పడి నిద్రపోయింది, సవారీలందరూ ఆమెను చూసి పోయిన్రు. లెక్క: జనవరి 4.

"గది మల్ల చదువున్రి," అన్నాడు. మళ్ళీ చదివాను. "ఎల్లారెడ్డిగూడ స్టాండుల అది. ఒక సార్ అయితే గొడుగు వట్టిండు ఆమెకు."

సైరన్ దాకా చదివాను. 212 అయ్యాయి. ఆయన నాలుగుసార్లు నవ్వాడు. రద్దు అన్న మాట వివరించి చెప్పింది ఆ తర్వాతే. ఆ జాబితా చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నీ రాసుకున్నరు గదా మంచిగ," అన్నాడు. "ఒక్కటి సుత అబద్ధం లేదమ్మా దాంట్ల. తారీఖులే తప్పు."


పేజీ 10. జూన్ 25, బుధవారం

ఉదయం 8.15కి ఆటోను పట్టుకెళ్ళే మరలారీ వచ్చి మెయిన్ రోడ్డు మీద ఆగింది. సందులోకి రాలేకపోయింది. ఆటోను ఓదెలే తోసుకుంటూ దాని దాకా తీసుకెళ్ళాడు. నేను వెనక నడిచాను. ఎక్కించే ముందు నిమ్మకాయ విప్పి జేబులో వేసుకున్నాడు. మైకు వదిలేశాడు.

లైసెన్సులు ఇప్పుడు 40.


పేజీ 13. జూలై 11, శుక్రవారం

రద్దు మీద మేం పెట్టిన అప్పీలు తోసిపుచ్చారు. కారణం: ప్రకటనలు దరఖాస్తుదారువే, వాటిని అతడు కాదనలేదు.

బ్యూరో చీఫ్ అక్కినేపల్లి సుదర్శనరావుకు ఫోన్ చేశాను. మొన్న అన్న మాటకు ఒకే తేదీ కట్టొద్దని కాలపట్టీకి బ్యూరో తరఫున రాయమన్నాను.

"రాస్తే ఏమంటారో తెలుసా తనుజా? మీ సీనియర్ విలేకరే రెండు రోజులని లెక్కకట్టి పంపింది అంటారు. నీ వాక్యం తర్వాతే కదా పట్టీ ఆ లెక్క పట్టుకుంది."

"ముందు వేరేలా చూసేదా?"

"ముందు ఎర్రగీత గీసి అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. నీ వాక్యాన్ని మాదిరిగా తీసుకుంది. ఇరవై ఏడేళ్ళు తప్పులు లేని రికార్డు నీది, దాని మీద నమ్మకం ఎక్కువ."

ఫోన్ పెట్టేశాక వెతికాను. జూన్ 12 తర్వాత ఈ నగరంలో మొన్న అన్న ప్రతి మాటకూ రెండు రోజులు తీసేసి తేదీ వేశారు. ఆసుపత్రుల్లో, స్టేషన్లలో, కోర్టుల్లో. సంఖ్య ఇక్కడ రాసి ప్రయోజనం లేదు, ఈ వాక్యం పూర్తయ్యేసరికి మారుతుంది.


పేజీ 17. ఆగస్టు 5, మంగళవారం

మోకాలి చివరి పరీక్ష. ఓదెలును తోడు రమ్మన్నాను. నలభై రోజులుగా ఆయన సందు దాటలేదు. ఇంటి పక్కవాళ్ళు చెప్పారు, మాటలు తగ్గాయట.

మెయిన్ రోడ్డు మీద మరబండి ఎక్కాం. ఆయన అలవాటుగా ముందు కూర్చున్నాడు. ముందు ఏమీ లేదు, నున్నటి పలక. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నమస్కారం. మీ ప్రయాణం సుఖంగా సాగాలి," అంది బండి.

"నీది సుత," అన్నాడు ఓదెలు.

హిమాయత్‌నగర్ చేరాక ఆయనకు మాట వచ్చింది. మొదట నాతో, తర్వాత బండితో. ఈ మలుపు మీద నీళ్ళు నిలుస్తయి, ఎడమకు జరుగు. ఈ సిగ్నల్ పచ్చగుంటది గాని నమ్మకు. బండి ప్రతిదానికీ ధన్యవాదాలు చెప్పింది. ఆయన వీపు నిటారుగా అయింది. చాలా రోజుల తర్వాత చూస్తున్నాను కదా అని నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాల్సింది.

"నువ్వు నేర్చుకుంటవు తియ్యి," అన్నాడు పలక మీద తట్టి. "మొన్న నేను సుత గిదే రోడ్డు మీద నడిపిన. చేత్తోని."

"ధన్యవాదాలు," అంది బండి. "నమోదైంది."


పేజీ 18. ఆగస్టు 6, బుధవారం

ఉదయం 8.50కి నా పేరు మీద నోటీసు వచ్చింది.

ఆగస్టు 3న జంగిలి ఓదెలు రద్దయిన లైసెన్సుతో హిమాయత్‌నగర్ రోడ్డులో చేత్తో వాహనం నడిపినట్టు స్వయంగా ప్రకటించారు. వాహనం: గుర్తించాల్సి ఉంది. ప్రకటన సమయంలో మీరు పక్కన ఉన్నారు. వాహనం నడిపిన మాట నిజమేనా, ధ్రువీకరించండి.

కింద రెండు గడులు. అవును. కాదు.

అవును అంటే నేరం; ఏడాది నిర్బంధం. కాదు అంటే జరగనిది జరిగిందనుకుంటున్నాడని రెండోసారి రుజువు. సంరక్షణ గృహానికి తరలింపు, తిరిగి పంపే గడువు రాయలేదు. జవాబు ఇవ్వకపోతే అవును అన్నట్టే. వివరణ రాయడానికి చోటు లేదు. వెతికాను. ఫర్హానాకు ఫోన్ చేశాను, ఆమె కూడా వెతికింది. "లేదు మేడం," అంది.

జవాబుకు ఆఖరు తేదీ ఆగస్టు 8.

9.30కి ఓదెలు ఇంటికి వెళ్ళాను. గడప మీద కూర్చుని చింతచిగురు ఏరుతున్నాడు. నిమ్మకాయ ఎండిపోయి మేకుకు వేలాడుతోంది. కాగితం చేతికిచ్చి మొత్తం చెప్పాను. రెండు గడుల సంగతి, మూడో దారి లేని సంగతి. ఇందులో నా తప్పెంతో కూడా చెప్పాను. ఆయన చిగురు ఏరడం ఆపలేదు.

"మీరేం రాస్తరమ్మా మరి?"

"తెలియదు ఓదెలన్నా."

"ఎప్పటిదాక చెప్పాలె?"

"ఎల్లుండి."

"ఎల్లుండా!" అన్నాడు. చేతిలోని ఈనెలు కింద పడేసి లేచాడు. ముఖం తేలికపడింది. "గట్ల చెప్పున్రి మరి, నేను ఇప్పుడే అనుకున్న. ఎల్లుండంటే ఇంక మస్తు దినాలున్నయి గదమ్మా. కూసోన్రి, చాయ్ వెడ్త."

నేను కూర్చున్నాను.